బ్లేడ్ రన్నర్: ఏడు వెర్షన్లలో ఏది చూడాలి, ఎలా చూడాలి

'బ్లేడ్ రన్నర్' చూశాను, బోర్ కొట్టింది అని ఎవరైనా అంటే వాళ్లతో వాదన పెట్టుకునే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఏ బ్లేడ్ రన్నర్ చూశారు? 1982 నాటి ఈ హాలీవుడ్ సైన్స్ ఫిక్షన్ సినిమాకి బయటికొచ్చిన వెర్షన్లే ఏడున్నాయి. వాటిలో కొన్నింటికి తేడా నిమిషాల్లో కాదు, కథ అర్థంలోనే ఉంది. ఒక దానిలో హీరో హీరోయిన్లు పచ్చని కొండల మధ్య కారులో వెళ్లిపోతారు. ఇంకో దానిలో హీరో మనిషేనా అన్న అనుమానం మీద తలుపు మూసుకుంటుంది. కథ ముందే తెలియకూడదు అనుకునేవాళ్లు ఇక్కడే ఆగి 2007లో వచ్చిన ఫైనల్ కట్ చూసి రండి. నిడివి 117 నిమిషాలు. ఈ సమీక్ష కూడా ఆ వెర్షన్ గురించే, ముఖ్యంగా 2017లో వచ్చిన 4కె డిస్క్ గురించి.

కథ చిన్నది. 2019 నవంబరు, లాస్ ఏంజెలెస్. టైరెల్ అనే కంపెనీ జన్యు సాంకేతికతతో మనుషుల్లాంటి మనుషుల్ని తయారుచేసి గ్రహాంతర కాలనీల్లో బానిసలుగా వాడుతుంటుంది. వాళ్లని రెప్లికెంట్లు అంటారు. భూమ్మీద వాళ్లు కనిపిస్తే చంపేయడమే చట్టం, దానికి పోలీసులు పెట్టుకున్న పేరు 'రిటైర్ చేయడం'. కొత్త మోడల్ నెక్సస్-6కి నాలుగేళ్లే ఆయుష్షు. కొందరు తిరగబడి, ఓడని స్వాధీనం చేసుకుని, ఆయుష్షు పెంచమని అడగడానికి తమని తయారుచేసినవాడి దగ్గరికే వస్తారు. వాళ్లని వేటాడే పని డెకార్డ్ అనే మాజీ పోలీసు మీద పడుతుంది. ఇదంతా మొదటి పావుగంటలోనే తెలిసిపోతుంది. ఆ తర్వాత మలుపుల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే నిరాశే మిగులుతుంది. ఈ సినిమాని చూపుతోనూ చెవులతోనూ చూడాలి.

ఇన్ని వెర్షన్లు ఎందుకొచ్చాయో తెలిస్తే ఫైనల్ కట్ విలువ తెలుస్తుంది. 1982లో విడుదలకి ముందు జరిపిన టెస్ట్ స్క్రీనింగుల్లో ప్రేక్షకులకి కథ అర్థం కాలేదని డబ్బు పెట్టినవాళ్లు భయపడ్డారు. డెకార్డ్‌గా వేసిన హారిసన్ ఫోర్డ్ చేత వాయిస్ ఓవర్ చెప్పించారు, అదీ ఆయనకి ఇష్టం లేకుండానే. చివర్లో సుఖాంతం అతికించారు. ఆ కొండల దృశ్యాల్లో కొన్ని స్టాన్లీ కుబ్రిక్ సినిమా 'ద షైనింగ్' కోసం హెలికాప్టర్ నుంచి తీసి వాడకుండా మిగిలిపోయినవి. ఇంత చేసినా జూన్ 25న విడుదలైన సినిమా నిలబడలేదు. రెండు వారాల ముందు వచ్చిన 'ఇ.టి.' అప్పటికే జనాన్ని లాగేసుకుంది. 1990లో లాస్ ఏంజెలెస్‌లో పాత వర్క్‌ప్రింట్ (తుదిమెరుగులు దిద్దని ప్రింటు) ఒకటి తెరమీదికొచ్చింది. వాయిస్ ఓవర్ దాదాపు లేని ఆ ప్రింటుకి వచ్చిన స్పందన చూసి 1992లో 'డైరెక్టర్స్ కట్' విడుదల చేశారు. వాయిస్ ఓవర్ తీసేశారు, సుఖాంతం తీసేశారు, డెకార్డ్ కనే యూనికార్న్ (ఒంటికొమ్ము గుర్రం) కల చేర్చారు. పేరు డైరెక్టర్‌దే అయినా అది హడావిడిగా జరిగిన పని. దర్శకుడు రిడ్లీ స్కాట్ తీరిగ్గా కూర్చుని పూర్తిచేసుకున్నది 2007 నాటి ఫైనల్ కట్ ఒక్కటే.

వాయిస్ ఓవర్ ఉంటే నష్టమేమిటి? ఒక్క చోటు చాలు చూపించడానికి. వర్షంలో, మేడ మీద, రెప్లికెంట్ల నాయకుడు రాయ్ బ్యాటీ చనిపోతాడు. తనని చంపడానికి వచ్చిన డెకార్డ్‌ని అప్పుడే చేయి పట్టి పైకి లాగి కాపాడాడు. తల వాలిపోతుంది, చేతిలో పావురం ఎగిరిపోతుంది. డెకార్డ్ కళ్లార్పకుండా చూస్తుంటాడు. 1982 వెర్షన్లో ఆ ముఖం మీద డెకార్డ్ గొంతు మొదలై, ఇతను నన్నెందుకు కాపాడాడో, బహుశా చివరి క్షణంలో ప్రాణం మీద తీపి పెరిగిందేమో అంటూ వివరణ ఇస్తుంది. ఫైనల్ కట్‌లో ఆ చోట వర్షం చప్పుడు, వాంజెలిస్ సంగీతం, ఫోర్డ్ ముఖం మాత్రమే. ఒక యంత్రం అనుకున్నది మనిషికంటే పెద్ద మనసు చూపించిందని ఆ ముఖంలో మనమే చదువుకుంటాం. ఎవరో చదివి వినిపిస్తే ఆ సంగతి మనది కాకుండా పోతుంది.

ఫైనల్ కట్‌లో చేసిన మరమ్మతులు చిన్నవే అయినా లెక్క చూసుకోదగ్గవి. మొత్తం ఆరుగురు పారిపోయారు, ఒకరు విద్యుత్ క్షేత్రంలో కాలిపోయారు అని పోలీసు అధికారి బ్రయంట్ పాత వెర్షన్లో అంటాడు. మిగలాల్సింది ఐదుగురు, చూపించేది నలుగురినే. మేరీ అనే ఐదో పాత్రని షూటింగ్ దాకా రాకుండానే తీసేసి డైలాగ్ మార్చడం మర్చిపోయారు. ఆ మిగిలిన ఒక్కరు డెకార్డే అని ఏళ్లపాటు సిద్ధాంతాలు నడిచాయి. ఇప్పుడు 'ఇద్దరు కాలిపోయారు' అని సరిచేశారు. గాజు తలుపులు బద్దలు కొట్టుకుంటూ జోరా అనే రెప్లికెంట్ పరిగెత్తే దృశ్యంలో ఇదివరకు డూప్ ముఖం, విగ్గు స్పష్టంగా కనిపించేవి. నటి జోవానా కాసిడీని పాతికేళ్ల తర్వాత పిలిపించి, ముఖం మళ్లీ షూట్ చేసి అతికించారు. కృత్రిమ పాములు అమ్మేవాడితో డెకార్డ్ మాట్లాడేటప్పుడు పెదవులు మాటలతో కలిసేవి కావు. ఫోర్డ్ కొడుకు బెన్ నోటి కదలికలు తీసుకుని దాన్ని సరిచేశారు. చివర్లో పావురం పాత వెర్షన్లలో ఉన్నట్టుండి పట్టపగటి నీలాకాశంలోకి ఎగిరేది, ఇప్పుడు అదే చీకటి ఆకాశంలోకి ఎగురుతుంది. ఎగిరే కార్లని వేలాడదీసిన తీగలు చెరిపేశారు. అమెరికా థియేటర్లలో కత్తిరించి బయటి దేశాల్లో మాత్రమే చూపించిన హింస కూడా ఇందులో ఉంది. కంపెనీ అధిపతి టైరెల్ చావు చూడటానికి కష్టంగా ఉంటుంది, పిల్లలతో కలిసి చూసే సినిమా కాదు.

మీ దగ్గరున్నది ఏ వెర్షనో పోల్చుకోవడం తేలిక. నిడివి నమ్మొద్దు, 116, 117 నిమిషాల దగ్గరే చాలా వెర్షన్లు ఉన్నాయి. వర్షంలో డెకార్డ్ పేపరు చదువుతూ నిలబడ్డ మొదటి సీన్లో అతని గొంతు కథ చెబుతుంటే అది 1982 థియేటర్ కట్, లేదా దాని విదేశీ రూపం. గొంతు లేకుండా, బ్రయంట్ మాత్రం ఒకరే కాలిపోయారంటే 1992 డైరెక్టర్స్ కట్. ఇద్దరు అంటే ఫైనల్ కట్. స్ట్రీమింగ్‌లో పేరు పక్కన వెర్షన్ రాయకపోతే ఈ రెండు చోట్లూ చూసుకుంటే చాలు.

ఇక డిస్క్ సంగతి. ఫైనల్ కట్ కోసం 35 ఎంఎం నెగెటివ్‌ని 4కెలో స్కాన్ చేశారు. డగ్లస్ ట్రంబుల్ బృందం తీసిన ఎఫెక్ట్స్ షాట్లని 8కెలో స్కాన్ చేశారు. కారణం ఉంది. ఆ షాట్లు 65 ఎంఎం ఫిల్మ్ మీద తీసినవి. ఈ సినిమాకి కంప్యూటర్ గ్రాఫిక్స్ వాడలేదు కాబట్టి ఒకే షాట్‌లో భవనాలు, దీపాలు, మంటలు, ఎగిరే కారు వేరువేరుగా తీసి ఒకదాని మీద ఒకటి కలిపేవాళ్లు. కలిపిన ప్రతిసారీ బొమ్మ నాణ్యత పడిపోతుంది, గ్రెయిన్ (ఫిల్మ్ మీది సన్నటి చుక్కల గరుకు) పెరుగుతుంది. పెద్ద ఫిల్మ్ మీద తీస్తే ఆ నష్టం తట్టుకుంటుంది. అందుకే ఈ సినిమాలో మామూలు సీన్ల కంటే మినియేచర్ షాట్లు పదునుగా కనిపించే చోట్లున్నాయి. మొదటి షాట్‌లో పొగ గొట్టాల నుంచి మంటలు ఎగసే నగరాన్ని 4కెలో చూస్తే నలభై ఏళ్ల కిందట బల్లమీద కట్టిన బొమ్మ అంటే నమ్మబుద్ధి కాదు. దూరం భ్రమ కోసం వెనక వరసలు చిన్నవిగా చేశారు, గదినిండా పొగ నింపి తీశారు. పొగ వల్ల వెనక భవనాలు మసకబారి మైళ్ల దూరంలో ఉన్నట్టు తోస్తాయి.

ఈ పొగే ఇంట్లో చూసేటప్పుడు పెద్ద చిక్కు. వీడియో కంప్రెషన్‌కి పొగ, వర్షం, గ్రెయిన్ మూడూ శత్రువులు, ఎందుకంటే ప్రతి ఫ్రేములోనూ మారిపోతుంటాయి. బ్యాండ్‌విడ్త్ తక్కువైతే పొగలో మెట్లు మెట్లుగా చారలు పడతాయి, నల్లటి మూలల్లో గళ్లు కదులుతాయి. టైరెల్ ఆఫీసులో సూర్యాస్తమయం సీన్, డెకార్డ్ ఫ్లాట్లో కిటికీ చీలికల వెలుగు, ఈ రెండు చోట్లా బాగా తెలుస్తుంది. వీలుంటే డిస్క్ మీద చూడండి, స్ట్రీమింగ్ అయితే కనీసం డౌన్‌లోడ్‌లో గరిష్ఠ నాణ్యత ఎంచుకోండి.

టీవీలో మోషన్ స్మూతింగ్ మొదట ఆపేయాలి. కంపెనీని బట్టి దాని పేరు మారుతుంది, పని ఒకటే: సెకనుకి 24 ఫ్రేముల మధ్య లేని ఫ్రేములు పుట్టించడం. వర్షపు చుక్కలు గాల్లో జారుతున్న ప్లాస్టిక్ గీతల్లా మారిపోతే ఆ ఆప్షన్ ఆన్‌లో ఉన్నట్టే. నాయిస్ రిడక్షన్ కూడా ఆపండి. గ్రెయిన్ ఈ సినిమాకి చర్మం లాంటిది, దాన్ని తుడిస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా ఉంటాయి. మనిషెవరో బొమ్మెవరో తేల్చుకోవాల్సిన కథలో అంతకంటే చెడ్డ పొరపాటు లేదు. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే ఒక్క నొక్కుతో ఇవన్నీ సర్దుకుంటాయి. ఆపైన గది చీకటి చేయండి. చీకటిగా ఉందని బ్రైట్‌నెస్ పెంచకండి. పెంచితే నలుపు బూడిద రంగులోకి తిరిగి నియాన్ వెలుగుల లోతు పోతుంది. తెర పైనా కిందా వచ్చే నల్ల పట్టీలు లోపం కాదు, 2.40:1 నిష్పత్తిలో తీసిన సినిమా. జూమ్ చేస్తే రెండు పక్కలా బొమ్మ తెగిపోతుంది.

సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. డెకార్డ్‌తో తిరిగే పోలీసు గాఫ్ వీధి భాషలో మాట్లాడేది అర్థం కాకపోతే కంగారు పడనక్కర్లేదు. ఆ పాత్ర వేసిన ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్ హంగేరియన్, జపనీస్, జర్మన్ లాంటి భాషలు కలిపి తయారుచేసుకున్న యాస అది. డెకార్డ్ కూడా అర్థం కానట్టే నటిస్తాడు.

ఛాయాగ్రాహకుడు జోర్డన్ క్రోనెన్‌వెత్ పనితనం ఒక్కటి దగ్గర్నుంచి చూద్దాం. టైరెల్ గదిలో ఒక గుడ్లగూబ ఉంటుంది. అది తల తిప్పినప్పుడు కళ్లలో ఎర్రబంగారు మెరుపు కనిపిస్తుంది. కృత్రిమమైనదే అని టైరెల్ దగ్గర పనిచేసే రేచల్ చెబుతుంది. తర్వాత అదే మెరుపు రేచల్ కళ్లలో, ప్రిస్ అనే రెప్లికెంట్ కళ్లలో, రాయ్ కళ్లలో తళుక్కుమంటుంది. దీనికి వాడింది సగం పారదర్శకమైన అద్దం ఒక్కటే. లెన్సు ముందు 45 డిగ్రీల కోణంలో దాన్ని పెట్టి, పక్కనుంచి చిన్న దీపం వేస్తే వెలుగు సరిగ్గా లెన్సు చూపు వెంటే వెళ్లి, కంటి వెనక పొర మీద పడి తిరిగి కెమెరాలోకే వస్తుంది. రాత్రి ఫ్లాష్‌తో తీసిన ఫొటోల్లో కళ్లు ఎర్రబడేది ఇందుకే. తక్కువ వెలుగు వాడితేనే పనిచేస్తుంది, ఎక్కువైతే ముఖం మీద కూడా పడి గుట్టు బయటపడుతుంది. డెకార్డ్ ఫ్లాట్లో రేచల్ ముందున్నప్పుడు, వెనక మసకగా నిలబడ్డ డెకార్డ్ కళ్లలోనూ ఒక్క క్షణం ఆ మెరుపు కనిపిస్తుంది. ఫోకస్‌లో లేదు, మొదటిసారి చూసినవాళ్లకి తెలియదు. టీవీ బ్రైట్‌నెస్ పెంచినవాళ్లకి ఎన్నిసార్లు చూసినా తెలియదు.

కళ్లే ఈ సినిమా కథనాన్ని మోసుకెళ్తాయి. మంటల నగరం ప్రతిబింబించే కంటితో మొదలవుతుంది. మనిషా కాదా తేల్చే వోయిట్-కాంఫ్ పరీక్షలో యంత్రం చూసేది కంటిపాప ఎలా విచ్చుకుంటుందో, ప్రశ్నకి ఎర్రబడే చర్మం ఎంత ఎర్రబడుతుందో. తాబేలు వెల్లకిలా పడి ఎండలో కొట్టుకుంటోంది, నువ్వు సాయం చేయడం లేదు, ఎందుకు? ఇలాంటి ప్రశ్నలు. మామూలుగా 20, 30 ప్రశ్నల్లో తేలిపోయేది రేచల్ విషయంలో వందకి పైగా పడుతుంది, ఎందుకంటే తను రెప్లికెంట్ అని ఆమెకే తెలియదు. వేరొకరి బాల్యాన్ని ఆమె తలలో పెట్టారు. రాయ్ మొదట వెళ్లేది కళ్లు తయారుచేసే చ్యూ దగ్గరికి. లియోన్ అనే రెప్లికెంట్ డెకార్డ్ కళ్లు పొడవబోతాడు. టైరెల్ పెట్టుకునేది సోడాబుడ్డి కళ్లద్దాలు, అతని అంతం కూడా కళ్ల దగ్గరే. ఎవరు నిజంగా చూడగలుగుతున్నారు అన్న ప్రశ్న వరసగా పేర్చుకుంటూ పోయారు. ఒక తప్పు మాత్రం దొర్లింది: పరీక్ష యంత్రం తెరమీద కనిపించే రేచల్ కన్ను ఆకుపచ్చ, ఆ పాత్ర వేసిన షాన్ యంగ్ కళ్లు గోధుమరంగు.

రాయ్‌గా రట్గర్ హావర్ లేకపోతే ఈ సినిమా లేదు. పోలీసు రికార్డు ప్రకారం రాయ్ తయారైంది 2016 జనవరి 8న. కథ జరిగేది 2019 నవంబరులో. అంటే నాలుగేళ్లకి ఇంకా రెండు నెలలుంది, అయినా శరీరం ముందే మూతపడుతోంది. చివరి వేటలో అతని కుడి చెయ్యి బిగుసుకుపోతుంటే చెక్కలోంచి పాత మేకు పీకి అరచేతిలోంచి గుచ్చుకుంటాడు. నొప్పితో చెయ్యి ఇంకో రెండు నిమిషాలు పనిచేయాలి, అంతే. ఎక్కడా వివరించరు, చూసి తెలుసుకోవాలి. చనిపోయే ముందు అతను చెప్పే మాటల్ని స్క్రిప్టులో ఉన్న పొడవు నుంచి హావరే కుదించి, 'వర్షంలో కన్నీళ్లలా' అన్న వాక్యం తానే చేర్చాడు.

అంతకుముందు టైరెల్ గదిలో జరిగే సంభాషణ సైన్సు తెలిసినవాళ్లకి ముచ్చటగా ఉంటుంది. ఆయుష్షు పెంచడానికి ఇథైల్ మీథేన్ సల్ఫోనేట్ వాడవచ్చు కదా అని రాయ్ వైపు నుంచి ప్రశ్న వస్తుంది. అది కల్పిత రసాయనం కాదు, జన్యుశాస్త్ర ప్రయోగశాలల్లో ఉత్పరివర్తనాలు తెప్పించడానికి నిజంగానే వాడేది. కొడుకు ప్రాణం అడుగుతున్నాడు, తండ్రి ల్యాబ్ రిపోర్టు చదువుతున్నాడు. ఆ గదిలోకి వెళ్లడానికి వాడిన చదరంగం ఎత్తులు కూడా నిజమైనవే: 1851లో లండన్‌లో ఆండర్సన్, కీజెరిట్స్కీ ఆడిన 'ఇమ్మోర్టల్ గేమ్' ముగింపు. మంత్రిని బలిచ్చి రాజుని కట్టేసే ఆట. అయితే రాయ్‌ని టైరెల్ దగ్గరికి తీసుకెళ్లే సెబాస్టియన్ బోర్డు మీద పావులూ టైరెల్ బోర్డు మీద పావులూ ఒకేలా ఉండవు, చదరంగం ఆడేవాళ్లకి అది పంటికింద రాయి.

సంగీతానికి మంచి హెడ్‌ఫోన్లు కానీ స్పీకర్లు కానీ తప్పనిసరి. వాంజెలిస్ ఎక్కువగా వాడింది యమహా సీఎస్-80 సింథసైజర్. దాని మీట మీద వేలు నొక్కే బలాన్ని బట్టి ఒక్కో స్వరం విడివిడిగా ఉబ్బుతుంది, పైనున్న రిబ్బన్ మీద వేలు జార్చితే స్వరం జారుతుంది. అందుకే యంత్రం వాయించినట్టు కాక ఎవరో ఊపిరి పీలుస్తూ పాడినట్టు ఉంటుంది. 4కె డిస్క్‌లో ఉన్న అట్మాస్ మిక్స్‌లో వర్షం, ప్రకటనల గొంతులు తలపైనుంచి కురుస్తాయి. అట్మాస్ లేకపోయినా పర్వాలేదు, టీవీ సొంత స్పీకర్లతో మాత్రం వద్దు.

లోపాలు దాచడం అనవసరం. పరిశోధన భాగం బలహీనం. మామూలు ఫొటోలోకి యంత్రంతో జూమ్ చేసుకుంటూ గోడ మూల దాటి చూసే సీన్ ఎంత మంత్రముగ్ధం చేసినా, అసలు ఫొటోలో లేనిది ఏ యంత్రమూ చూపించలేదు. పెద్ద లోపం వేరే ఉంది. డెకార్డ్ తన ఫ్లాట్లో రేచల్ వెళ్లిపోబోతుంటే తలుపు మూసి, కిటికీకి నెట్టి, ఏమనాలో ఆమె చేత చెప్పించే సీన్‌ని ప్రేమ సన్నివేశంగా చిత్రీకరించారు, సాక్సఫోన్‌తో సహా. తన జ్ఞాపకాలు తనవి కావని అప్పుడే తెలిసిన మనిషి మీద అది బలవంతమే. ఫైనల్ కట్‌లో కూడా దాన్ని ముట్టుకోలేదు.

డెకార్డ్ రెప్లికెంటా? అవునని స్కాట్, కాదని ఫోర్డ్ ఏళ్లపాటు పట్టుబట్టారు. యూనికార్న్ కల ఉన్న ఫైనల్ కట్ స్కాట్ వైపు మొగ్గుతుంది: చివర్లో గాఫ్ వదిలే యూనికార్న్ బొమ్మ చూస్తే డెకార్డ్ కల అతనికి ముందే తెలుసన్నట్టుంటుంది. డెకార్డ్ మనిషైతేనే కథకి బలం ఎక్కువ: బతకాలన్న తపన కోల్పోయిన మనిషికి, బతుకు తప్ప ఏమీ కోరని కృత్రిమ మనిషి దాన్ని నేర్పి వెళ్లాడు. ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీ సరుకైతే ఆ మేడ మీది సీన్ సగం తేలిపోతుంది. అయినా కలని అలా వదిలేసి, జవాబు చెప్పకుండా ఆపడం వల్ల అనుమానం మనతోపాటు ఇంటికొస్తుంది, అది మంచి పనే.

2017లో డెనిస్ విల్నెవ్ తీసిన రెండో భాగం చూడాలనుకుంటే ముందు ఇది చూడాలి. అందులోనూ ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేదు. ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్‌కి మొదటి ఆస్కార్ తెచ్చిన సినిమా అది.

చివరగా ఒక్క సెట్టింగ్. స్ట్రీమింగ్‌లో ఆటోప్లే ఆపేసి కూర్చోండి. గాఫ్ మడిచి వదిలేసిన వెండికాగితం యూనికార్న్‌ని డెకార్డ్ వేళ్ల మధ్య నలిపి, తల ఊపి, రేచల్ వెనకాల లిఫ్టులోకి వెళ్తాడు. తలుపు దభీమని మూసుకుని తెర నల్లబడిన మరుక్షణం వాంజెలిస్ ఎండ్ టైటిల్స్ మొదలవుతాయి. ఆటోప్లే ఆన్‌లో ఉంటే సరిగ్గా అక్కడే పేర్లు మూలకి కుంచించుకుపోయి తర్వాతి సినిమా ట్రైలర్ వచ్చి పడుతుంది.